పాసేజ్ లేని ప్రశ్నలు

జూలై 4

అత్తా,

ఫోనులో అయితే మనిద్దరం ఒకేసారి మాట్లాడతాం, ఒకేసారి అలుగుతాం, పెట్టేశాక ఎవరు ఏమన్నారో ఇద్దరికీ గుర్తుండదు. అందుకే కాగితం పట్టుకున్నాను. కాగితం మధ్యలో అడ్డు రాదు.

ఈపాటికి పార్శిలు కూడా చేరి ఉంటుంది. కంగారు పడకు, నా మొదటి పుస్తకం! ఇంకా అచ్చుకి వెళ్ళలేదు, ఇవి పరీక్షించి చూడడానికి వేసిన ప్రతులు. నేను ఇక్కడ ఏం ఉద్యోగం చేస్తున్నానని అడిగితే అమ్మ "ఏదో రాస్తుంది" అని చెబుతోందట. నువ్వైనా సరిగ్గా చెప్పు. పెద్ద క్లాసుల పిల్లలు ఇంగ్లీషు చదివి అర్థం చేసుకోవడానికి అభ్యాసాలు రాస్తాను. ఒక పేజీ పాసేజ్, దాని మీద పది ప్రశ్నలు, ఒక్కో ప్రశ్నకి నాలుగు జవాబులు, అందులో ఒకటే సరైనది. పాసేజ్ రాయడం సుళువే. ఆ మూడు తప్పు జవాబులు పుట్టించడమే చావు. తప్పుడువే అయినా పెద్దమనుషుల్లా కనబడాలి.

మా ఎడిటర్‌కి ఓ పట్టింపు. అచ్చుకి ముందు ఏదో ఒక బడిలో నిజం పిల్లల చేత చేయించి చూడాలి. నీ క్లాసు పేరు చెప్పాను. పార్శిల్లో రెండు కట్టలుంటాయి. పాసేజ్‌లకి బొమ్మలు ఇంకా వేస్తున్నారు కాబట్టి వాటిని వేరుగా, ప్రశ్నల్ని వేరుగా కుట్టారు. రెండూ కలిపి ఇచ్చి, మార్కులు రాసి పంపు.

మన పిడుగుని మాత్రం విడిగా కూర్చోబెట్టు. మా అక్క రాసిన పుస్తకం అని చుట్టుపక్కల బెంచీలన్నిటికీ ఉపన్యాసం ఇస్తుంది. నాన్న మొన్న ఫోనులో ఒకటే మురిసిపోయాడు. కోల్డ్ స్టోరేజీకి కొత్త యాజమాన్యం వచ్చాక అన్నీ ఇంగ్లీషు నోటీసులేనట. గేటు దగ్గర ఏం అంటించినా, క్యారేజీ ఇవ్వడానికి వచ్చిన మన పిడుగు చదివి చెబితేనే నాన్నకీ లోడింగు వాళ్ళందరికీ తెలుస్తోందట. "చెల్లెలు ఇంగ్లీషు టీచరు, పెద్దకూతురు ఇంగ్లీషు పుస్తకాలు రాస్తుంది, చిన్నకూతురు ఇంగ్లీషు నోటీసులు చదువుతుంది, నాకింకేం కావాలి" అన్నాడు. నీకు చెప్పొద్దన్నాడు. పొగరెక్కుతుందట.

నీ పెద్దది


జూలై 12

పెద్దదానా,

కూర్చుని చదువు. నేను నిలబడి మొదలుపెట్టి, కుర్చీ కోసం తడుముకున్నాను.

నీ పార్శిలు విప్పిన రోజు నాకు టీచర్ల సంఘం మీటింగు. నేను వెళ్ళకపోతే అక్కడి తీర్మానాలన్నీ వేడినీళ్ళలో నానబెట్టినంత మెత్తగా తయారవుతాయి, నీకు తెలుసు. క్లాసుని డ్రిల్లు మాస్టారికి అప్పగించి, కట్టలు బల్లమీద పెట్టి, పంచి రాయించండి అని చెప్పి వెళ్ళాను. ఆయన పైనున్న కట్ట పంచారు. కింది కట్టకి తాడు కూడా విప్పలేదు.

కింది కట్ట పాసేజ్‌లు.

నలభై మంది పిల్లలు, గంటసేపు, అసలు పాసేజే లేకుండా పాసేజ్ మీద ప్రశ్నలకి జవాబులు రాశారు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, లేచి "సార్, పాసేజ్ ఏది?" అని అడగలేదు. డ్రిల్లు మాస్టారిని నిలదీస్తే, "ఎంత క్రమశిక్షణగా రాశారనుకున్నారండీ, చీమ చిటుక్కుమనలేదు" అన్నారు, నన్ను మెచ్చుకుంటున్నట్టుగా.

ఇది సగమే. కింది కట్ట విప్పి చూసుకుంటూ కాగితాలు దిద్దాను. సగటున పదికి ఏడు. పిడుగుకి పదికి పది.

స్టాఫ్ రూములో ఎర్రపెన్ను పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. ఎవరో టీ తెచ్చి పెట్టారు, అది మీగడ కట్టింది. ఇన్నేళ్ళ సర్వీసులో చదివి తప్పు రాసినవాళ్ళని చూశాను, చదవక తప్పు రాసినవాళ్ళని చూశాను. చదవకుండా ఒప్పు రాసిన క్లాసుని చూడలేదు. తాము చూడని కథలో ముసలివాడు ఎందుకు ఏడ్చాడో వీళ్ళకి ఎలా తెలిసింది? నాకు తోచిన దారి ఒకటే. అడగడానికి నోరు రావడం లేదు కాబట్టి రాస్తున్నాను: జవాబులు పిడుగుకి ముందే చేరాయా?

కోప్పడకు. కోప్పడినా జవాబు మాత్రం రాయి.

మీ అత్త


జూలై 18

అత్తగారికి,

గారు ఎందుకు చేర్చానో నీకు తెలుసు.

నన్ను దొంగని చేశావు, నా చెల్లెల్ని దొంగసొత్తు దాచినదాన్ని చేశావు. జవాబుల కాగితం మా ఎడిటర్ బీరువాలో ఉంటుంది. తాళం ఆయన మొలతాడుకి ఉందో ఏమో గానీ మా ఎవరికీ కనబడదు. పిడుగుతో నేను మాట్లాడి నెల దాటింది. మాట్లాడినా అది నా జీతం అడుగుతుంది, జవాబులు అడగదు.

నువ్వు ప్రపంచంలో ఎక్కడ ఏ తప్పు జరిగినా దాని వెనక ఒక కుట్ర ఉండి తీరాలంటావు. చాలాసార్లు ఉంటుంది కూడా, కాదనను. కానీ ఇక్కడ కుట్ర చేయడానికి కూడా ఎవరికీ తీరిక లేదు. మీ డ్రిల్లు మాస్టారు కునుకు తీసి ఉంటాడు, పిల్లలు ఒకరిదొకరు చూసి రాసి ఉంటారు. చీమ చిటుక్కుమనని క్లాసులోనే కాపీ బాగా సాగుతుంది.

మూడు నెలలు కళ్ళు కాయలు కాచేలా రాశాను ఆ పాసేజ్‌లు. ఒక్కటి కూడా ఎలా ఉందో నువ్వు రాయలేదు.

పెద్దది


జూలై 25

అమ్మడూ,

గారు తీసెయ్యి, చెప్పులో రాయిలా ఉంది. నిన్ను అనుమానించినందుకు నాలుగు మొట్టికాయలు బాకీ ఉన్నాను, వచ్చినప్పుడు వెయ్యి.

ఎవరూ కాపీ కొట్టలేదు. మళ్ళీ చేయించాను. ఈసారి నేనే కాపలా, బెంచీకి ఒక్కరు, ఇంకో పాసేజ్ మీది ప్రశ్నలు, మళ్ళీ పాసేజ్ లేకుండా. మళ్ళీ ఏడు. పిడుగుకి తొమ్మిది. అప్పుడు బెత్తం పక్కన పెట్టి (నా దగ్గర బెత్తం లేదులే, మాటవరసకి) అడిగాను.

"పర్సు దొరికిన వాచ్‌మన్ దాన్ని ఎందుకు తిరిగిచ్చాడు? 'సి' అని పెట్టారు అందరూ. నిజాయితీయే పెద్ద బహుమతి అనుకున్నాడని. మీకెలా తెలుసు?"

"బీదవాడు కదా మేడం," అన్నాడు వెనక బెంచీ పొడుగాయన. "పాసేజుల్లో బీదవాళ్ళు నిజాయితీగానే ఉంటారు."

"డబ్బున్నవాడైతే?"

"చివర్లో మారతాడు మేడం."

క్లాసంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, అదే భయమేసింది. ఇక ఒకరి మీద ఒకరు పడి చెప్పారు. 'ఎప్పుడూ', 'అందరూ' అని ఉన్న జవాబు తప్పు. అన్నిటికంటే పొడుగ్గా ఉన్నది ఒప్పు. ఫ్యాక్టరీ ఉంటే ఉద్యోగాలు వస్తాయి. ఆడపిల్ల ఉంటే ధైర్యంగా ఉంటుంది. కంపెనీ ఉంటే జాగ్రత్తలు తీసుకుంటుంది. రచయిత స్వరం ఏమిటి అంటే 'ఆశాభావం'.

"కోపం ఎందుకు కాకూడదు?" అన్నాను.

పిడుగు లేచింది. "కోపం ప్రతిసారీ ఉంటుంది అత్తా... మేడం. కానీ తప్పు జవాబుగానే ఉంటుంది. నింపడానికి పెడతారు."

చూశావా? నీ పుస్తకమంతా వెతికాను. పాసేజ్‌లన్నీ చదివాను, బాగా రాశావు, వాక్యం నీది నున్నగా నడుస్తుంది. కానీ ఒక్కచోటైనా కోపం సరైన జవాబు ఉందేమో చూపించు. లేదు. మీరు పిల్లలకి ఇంగ్లీషు నేర్పడం లేదు, పెద్దమనుషుల మనసులో ఏముందో కనిపెట్టడం నేర్పుతున్నారు. నిజంగా ఏం జరిగిందో కళ్ళు పెట్టి చూడనక్కర్లేదు, ఏం జరిగిందని చెబితే పైవాడు సంతోషిస్తాడో ఊహిస్తే చాలు. బానిసకి ఇంతకంటే మంచి శిక్షణ ఏ ప్రభుత్వమూ ఇవ్వలేదు. దీని మీద పత్రికకి వ్యాసం రాస్తున్నాను. నీ పేరు పెట్టను.

మొట్టికాయల బాకీదారు,
అత్త


ఆగస్టు 1

అత్తా,

బాకీ వడ్డీతో సహా వసూలు చేస్తాను.

నీకో మంచి కబురు. నీ ఉత్తరం మా ఎడిటర్‌కి చదివి వినిపించాను. పుస్తకాన్ని మార్చాలి సార్, పిల్లలు చదవకుండానే రాసేస్తున్నారు అని చెబుదామని. ఆయన నవ్వీ నవ్వీ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మీ అత్తగారు బంగారం" అన్నాడు. బీదవాడు, పొడుగు జవాబు, ఆశాభావం, అన్నీ రాసుకున్నాడు. పుస్తకం చివర 'తెలివైన ఊహ' అని ఒక అధ్యాయం చేరుస్తాడట. టైము లేనప్పుడు పాసేజ్ చదవకుండా మార్కులు తెచ్చుకోవడం ఎలా అని. ముందుమాటలో నీకు కృతజ్ఞతలు చెబుతామన్నాడు.

నేను చెప్పాలనుకున్నది అది కాదు. కానీ ఆయన అంత సంతోషంగా ఉంటే నోరు పెగల్లేదు. ఒక విధంగా నువ్వు కనిపెట్టింది నలుగురికీ చేరుతుంది కదా? నువ్వు ఒప్పుకుంటావనే చెప్పాను.

పిడుగుకి చెప్పు, దాని మాటలు అచ్చులోకి వస్తున్నాయని.

పెద్దది


ఆగస్టు 8

ఏమే,

ఒప్పుకుంటానా? నేనా? ఇల్లు అంటుకుంది, నీళ్ళు తెండి అని అరిస్తే, మీ ఎడిటర్ చలి కాచుకోవడానికి కుర్చీ వేసుకున్నాడు. దానికి నువ్వు విసనకర్ర అందించావు. ఆ అధ్యాయంలో నా పేరు కనబడిందంటే నేను అక్కడికొచ్చి ఆ బీరువా ముందు బైఠాయిస్తాను. వాడికి తెలివైన ఊహ అంటే ఏమిటో నేను

ఆగస్టు 13

పైన ఆగిపోయిన వాక్యం ఇక పూర్తి చేయను. కబురొచ్చింది, పెన్ను పడేసి పరిగెత్తాను.

నువ్వు వచ్చి మూడు రోజులుండి వెళ్ళావు కాబట్టి మీ నాన్న ఎలా ఉన్నాడో చెప్పక్కర్లేదు. ఇంకా గొంతులో గొట్టం ఉంది, మాట లేదు. ఊపిరితిత్తుల వాపు కొంచెం తగ్గిందన్నారు. నువ్వున్నప్పుడు వార్డు వరండాలో మీ అమ్మ ముందు చెప్పలేకపోయిన సంగతి ఒకటి ఉంది. అది చెప్పాలి.

కోల్డ్ స్టోరేజీ మూడో గదిలో పైపులు మరమ్మతు చేస్తూ, లోపలి అమ్మోనియా గ్యాసు పూర్తిగా తీయకుండా బిగింపులు విప్పారు. అన్నయ్య ఆ సంగతి తెలియక పెట్టెల కోసం తలుపు తీసి, గ్యాసు పీల్చి పడిపోయాడు. ఇంతవరకూ నీకు తెలుసు. తెలియక ఎందుకు వెళ్ళాడని నేను వాళ్ళ సేఫ్టీ ఆఫీసరు మీద విరుచుకుపడ్డాను. అతను చాలా నెమ్మదిగా అన్నాడు, "నోటీసు పెట్టామండీ. వారం ముందే గేటు దగ్గర అంటించాం, అంతా స్పష్టంగా ఉంది. మీ అమ్మాయే చదివి, ఏం లేదు మామూలే అని చెప్పిందట. లోడింగు వాళ్ళందరూ విన్నారు. మేమేం చేస్తాం చెప్పండి?"

నేను పిడుగు వైపు చూశాను. అది వరండా గోడకి ఆనుకుని ఉంది.

"చదివావా?"

"పై రెండు లైన్లు చూశాను అత్తా."

"మిగతాది?"

"కంపెనీ కృతజ్ఞతలు, సహకారం అని ఉంది. ఎప్పుడూ అదే కదా అని... మామూలే నాన్నా అని చెప్పేశాను."

మూడు వారాల కిందట క్లాసులో నేను నవ్విన నవ్వు గుర్తొచ్చింది. పదికి పది తెచ్చుకున్న పిల్ల, చదవకుండా ఊహించి, కన్నతండ్రిని ఆ గదిలోకి పంపింది. దీన్ని మించిన రుజువు ఏం కావాలి? నేను వ్యాసంలో రాసినదంతా మన ఇంట్లోనే నిజమై కూర్చుంది.

ఈ నెలాఖరులో ఎంక్వయిరీ. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు వస్తాడు.

అత్త


ఆగస్టు 19

అత్తా,

పిడుగు వరండాలో నా పక్కనే పడుకుంది మూడు రాత్రులూ. ఒక్క ముక్క చెప్పలేదు. ఇప్పుడు అర్థమైంది, మందు సీసా అందించమంటే అది చీటీ ఉన్న వైపు అరచేత్తో ఎందుకు కప్పేసిందో. మందు పేరు చదవమంటే "నువ్వు చదువక్కా" అంది. నాకు నిద్రమత్తు అనుకున్నాను.

దాన్ని ఇలా చేసింది నేను. కంపెనీ అంటే జాగ్రత్త తీసుకుంటుంది అని దాని చేత వందసార్లు టిక్కు పెట్టించింది నేను. ఆ నోటీసు కూడా అచ్చం నా పాసేజ్‌లాగే ఉండి ఉంటుంది. ముందు రెండు పేరాలు తియ్యటి కబుర్లు, అసలు సంగతి ఎక్కడో చివర. పిల్ల మోసపోకుండా ఎలా ఉంటుంది? ఎడిటర్ దగ్గరికి వెళ్ళి ఆ అధ్యాయం తీసెయ్యమన్నాను. ప్రెస్సుకి వెళ్ళిపోయిందన్నాడు. మీ నాన్నగారికి ఎలా ఉంది అని కూడా అడిగాడు, మంచివాడే.

ఒక్కటి వేడుకుంటున్నాను. దాన్ని ఎంక్వయిరీకి తీసుకెళ్ళకు. "నేను చదివాను, తప్పు చెప్పాను" అని అది అక్కడ అందరి ముందూ అంటే, యాజమాన్యానికి కావలసింది అదే. వాళ్ళు చేతులు దులుపుకుంటారు. నాన్న ఇంటికి వచ్చేసరికి నేరమంతా పదహారేళ్ళ పిల్ల తల మీద ఉంటుంది. జీవితాంతం ఉంటుంది.

నీ పెద్దది


ఆగస్టు 23

పెద్దదానా,

నువ్వు చెప్పేది దొంగలెక్కల మేనేజరు చెప్పే మాట. నిజం చెబితే ఎవరికి లాభం అని చూసుకుని చెప్పేది నిజం కాదు, బేరం. ఇన్నేళ్ళుగా అధికారుల్ని నిజం చెప్పమని గేట్ల ముందు అరిచినదాన్ని, నా ఇంటి పిల్ల దగ్గరికి వచ్చేసరికి నోరు మూసుకోమంటావా?

తప్పు దాని ఒక్కదానిదే అని నేననడం లేదు. అది ముందు తన తప్పు ఒప్పుకుంటుంది. ఆ తర్వాత నేను లేస్తాను. పని చేసేవాళ్ళకి రాని భాషలో నోటీసు పెట్టడం ఏమిటని అడుగుతాను. చదవడం నేర్పని చదువుల గురించి చెబుతాను. ఒప్పుకున్నవాడి మాటకే బరువుంటుంది. ఏం చెప్పాలో దానికి రాసిచ్చాను, నాలుగే వాక్యాలు: నోటీసు నేను చదివాను. పూర్తిగా చదవకుండా ఊహించాను. అందులోని హెచ్చరిక మా నాన్నకి చెప్పలేదు. తప్పు నాది.

తీసుకుంది. ఎదురు చెప్పలేదు. అన్నం మాత్రం సరిగ్గా తినడం లేదు. అన్నయ్యకి నిన్న గొట్టం తీశారు, గుసగుసగా మాట్లాడుతున్నాడు. మొదటి మాట దాని గురించే అడిగాడు. బడికి వెళ్తోందా అని. వెళ్తోందని అబద్ధం చెప్పాను.

అత్త


ఆగస్టు 26

అత్తా,

నీ వ్యాసానికి దాన్ని ఉదాహరణగా నిలబెడుతున్నావు. నీకది కనబడడం లేదు. వద్దు. నీ కాళ్ళు పట్టుకుంటాను, వద్దు.


ఆగస్టు 31

అమ్మా,

నిన్ను ఎప్పుడూ ఇలా పిలవలేదు. ఇవాళ ఇంకో పిలుపు రావడం లేదు.

ఎంక్వయిరీ కోల్డ్ స్టోరేజీ ఆఫీసు గదిలోనే జరిగింది. పొడుగు బల్ల, ఒక చివర ఇన్‌స్పెక్టరు, పక్కన సేఫ్టీ ఆఫీసరు, గుమ్మం దగ్గర లోడింగు వాళ్ళు ఒకరి భుజం మీంచి ఒకరు చూస్తూ. కిటికీ అద్దాల మీద చెమ్మ. ఇన్‌స్పెక్టరు ముందు సగం రాసిన నివేదిక ఉంది. తలకిందులుగా చూసినా మొదటి వాక్యం చదవగలిగాను: కార్మికులను నోటీసు ద్వారా హెచ్చరించడం జరిగింది.

పిడుగు లేచింది. నేను రాసిచ్చిన కాగితం గుప్పిట్లో ఉండలా నలిగి ఉంది.

"చెప్పమ్మా, భయపడకు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ముందు నేను ఆ నోటీసు చదవొచ్చా సార్?"

సేఫ్టీ ఆఫీసరు నవ్వాడు. "ఆ చదివేదేదో అప్పుడే చదివుంటే మీ నాన్న ఇంట్లో ఉండేవాడమ్మా."

నా ఒళ్ళు మండింది. కానీ నేను కూడా వరండాలో దాన్ని అదే అన్నాను కదా, కొంచెం మంచి మాటల్లో. పిడుగు మాత్రం కదల్లేదు.

"అప్పుడు చదవలేదు సార్. అందుకే ఇప్పుడు చదువుతానంటున్నాను."

ఇన్‌స్పెక్టరు తన ఫైలు తిరగేశాడు. నోటీసు లేదు. ఆఫీసరు తన ఫైలు తిరగేశాడు. లేదు. "గేటు దగ్గరే ఉంటుంది సార్, తీయలేదు" అన్నాడు. ప్యూను వెళ్ళి గోడ మీంచి పీక్కొచ్చాడు, వెనక జిగురుతో, ఇంత సున్నం పెచ్చుతో. ఒక మూల గోడకే ఉండిపోయింది.

అది చదివింది. ఒక వాక్యం ఇంగ్లీషులో, వెంటనే గుమ్మం వైపు తిరిగి మన భాషలో. మళ్ళీ ఒక వాక్యం. వేలు పెట్టి, చిన్న క్లాసు పిల్లలా. మన సంస్థకి ఉద్యోగుల భద్రతే ముఖ్యం. వార్షిక మరమ్మతులు జరుగుతున్న సందర్భంగా అందరూ సహకరించాలని కోరుతున్నాం. పరిసరాలు శుభ్రంగా ఉంచాలి. గత ఏడాది మీరు చూపిన సహకారానికి యాజమాన్యం కృతజ్ఞతలు తెలుపుతోంది. కింద సంతకం.

కాగితం తిప్పి వెనక చూసింది.

"అయిపోయింది సార్."

"అయిపోవడమేంటి? గ్యాసు సంగతి చదువు," అన్నాడు ఆఫీసరు.

"లేదు సార్."

"సరిగ్గా చూడు. మూడో గది అని ఉంటుంది."

"మీరు చూడండి సార్."

అతను చదివాడు, పెదాలు కదుపుతూ. ఇన్‌స్పెక్టరుకి ఇచ్చాడు. ఆయన చదివాడు. మళ్ళీ పైనుంచి చదివాడు. గుమ్మం దగ్గర ఒకతను మెల్లగా అన్నాడు, "మరి ఇన్నాళ్ళూ ఉంది ఉంది అన్నారేంటి సారూ?"

"అంటే, మరమ్మతులు అంటే... దాని అర్థం అదే కదా. అర్థం చేసుకోవాలి."

"ఏ గదో, ఏ రోజో కూడా మమ్మల్నే అర్థం చేసుకోమంటారా సార్?" అంది పిడుగు.

ఇన్‌స్పెక్టరు తన నివేదికలో మొదటి వాక్యం కొట్టేశాడు. మరమ్మతుల తాలూకు కాగితాలన్నీ తెమ్మని, విచారణ వచ్చే వారానికి పెట్టాడు. లోడింగు వాళ్ళు పిడుగుని మధ్యలో పెట్టుకుని గేటు దాకా వచ్చారు. నా ఉపన్యాసం చేతిసంచిలోనే ఉండిపోయింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. నేను తల మీద చెయ్యి వేయబోయాను, జరిగింది.

"నేను చదవకుండా చెప్పాను. అది నిజమే అత్తా. దానికి నేను ఏడుస్తూనే ఉంటాను," అంది. "కానీ నువ్వు చదివావా?"

"లేదు."

"అక్క?"

"తెలీదు."

"మరి నేను తప్పు చదివానని మీ ఇద్దరికీ ఎలా తెలిసింది?"

ఇరవై రోజులు ఆ గేటు ముందే బస్సు దిగి ఆసుపత్రికి నడిచాను. రోడ్డుకి ఇవతలి నుంచే కనబడేది, తెల్లగా. ఆఫీసరు ఉందన్నాడు, నేను నమ్మాను. అధికారి మాట జన్మలో మొదటిసారి నమ్మాను, ఎందుకంటే అది నా వ్యాసానికి అతికినట్టు సరిపోయింది. ఆ పిల్ల చేత నేరం ఒప్పించడానికి నాలుగు వాక్యాలు రాసిచ్చాను. ఇంగ్లీషు టీచర్ని.

ఇప్పుడు అడుగుతున్నాను, దాని తరఫున. నువ్వు చదివావా?

అత్త


సెప్టెంబరు 5

అత్తా,

చదవలేదు.

రైలు దిగి ఆటోలో ఆ గేటు ముందు నుంచే వచ్చాను. దిగి చూద్దామనుకుని, చూస్తే ఏమవుతుందో అని ముఖం తిప్పుకున్నాను. వెళ్ళేటప్పుడూ అంతే. ఆ తర్వాత నీకు ఉత్తరం రాస్తూ, ఆ నోటీసు ఎన్ని పేరాలో, హెచ్చరిక ఏ మూల ఉందో కూడా చెప్పేశాను. లేని వాక్యానికి నేను చోటు కూడా చూపించాను.

ఎడిటర్‌కి రాజీనామా ఇవ్వలేదు. ఇస్తే తేలికగా ఉండేది. పుస్తకం బయటికొచ్చింది, చివరి అధ్యాయంతో సహా. రేపు ఆయన ముందు కూర్చుని నీ రెండో ఉత్తరం కాదు, నిన్నటి ఉత్తరం చదివి వినిపిస్తాను. నవ్వుతాడేమో చూస్తాను. నవ్వితే అప్పుడు ఆలోచిస్తాను. సెలవు దొరకగానే వస్తున్నాను. వచ్చే వారం విచారణకి ముగ్గురం వెళ్దాం, మనిద్దరం గుమ్మం దగ్గర నిలబడదాం.

నాన్నకి ఏం చెప్పాలో, ఎంత చెప్పాలో పిడుగునే తేల్చనీ. నువ్వు దానికి ఏదీ రాసివ్వకు.

లోపల అంటించిన చిన్న కవరు ఒకటి ఉంది. అది దానిది. విప్పకుండా ఇవ్వు. అందులో ఏముందో నీకు తెలిసిపోయిందని అనిపిస్తుంది, నాకు తెలుసు. ఊహించకు.

నీ పెద్దది